వీపు తిప్పిన వంటమనిషి

పొద్దున్న ఏడు కొట్టేసరికి ఆరుగురు ఆడవాళ్ళూ ఆ పొడుగుబల్ల చుట్టూ చేరిపోయేవారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. కింది అంతస్తులో రాతి మీంచి నల్లగా అచ్చయిన బొమ్మలు తడి ఆరాక మెట్లెక్కి పైకొస్తాయి. మొదటావిడ ఆకాశానికీ కోట్లకూ నీలం పూసి పక్కకు జరుపుతుంది. ఆ పక్కావిడ తెరలకు ఆకుపచ్చ, ఆ తర్వాతావిడ దీపాలకూ ఇత్తడి గిన్నెలకూ పసుపు. ఎరుపు ఫిలోమెన్‌ది. పన్నెండేళ్ళుగా పారిస్‌లో ఏ కాగితం మీద ఏ తాగుబోతు ముక్కు ఎర్రబడినా, ఏ చాకలమ్మాయి బుగ్గ కందినా, అది ఆమె కుంచె చలవే.

ఒకప్పుడు ఆ పని ఆమెకు ఇష్టంగానే ఉండేది. అప్పట్లో బ్రూనెతో గారి దుకాణంలో మంత్రుల బొమ్మలు అచ్చయ్యేవి. కడుపు ఉబ్బిన మంత్రి, కుర్చీని కావిలించుకుని నిద్రపోయే మంత్రి. వాళ్ళ ముక్కుకొసన చుక్క ఎరుపు పెడుతుంటే, కట్టెలకు లేని ఇంట్లో పుట్టిన పిల్ల చేతికి ఎక్కడలేని బలం వచ్చేది. తర్వాత చట్టం వచ్చింది. రాజునూ మంత్రులనూ వెక్కిరిస్తే రాయి జప్తు, మనిషికి జైలు. ప్రతి బొమ్మా ముందు తనిఖీ కచేరీకి పోయి ముద్ర వేయించుకురావాలి. దాంతో బొమ్మలు గీసేవాళ్ళు పెద్దవాళ్ళను వదిలేసి చిన్నవాళ్ళ మీద పడ్డారు. మేడల కాపలావాళ్ళు, బండివాళ్ళు, ఆయాలు, వంటమనుషులు. కొనేవాళ్ళేమో నోటరీలూ బట్టల షాపుల యజమానులూ. తమ ఇంటి వెనకమెట్ల మీద తిరిగే మనుషులను గోడకు తగిలించుకుని నవ్వుకోవడం వాళ్ళకు సరదా. ఆ మనుషుల ముక్కులు ఎర్రబరచడం ఫిలోమెన్ పని. విసుగు ఆమె వేళ్ళలోకి దిగిపోయింది.

ఇంకో విసుగు కూడా ఉంది, అది ఎవరికీ చెప్పేది కాదు. ఆమెకు బొమ్మ గీయడం వచ్చు. దుకాణానికి బొమ్మలు గీసిచ్చే ఫ్లోరిమోన్ కంటే బాగా వచ్చు. అతను టోపీలూ కుర్చీలూ బాగా గీస్తాడు గానీ, ముఖం దగ్గరకొచ్చేసరికి అందరికీ ఒకే ముఖం.

ఆ ఫ్లోరిమోన్ వారానికి రెండుసార్లు కాఫీ గిన్నెతో పైకొచ్చి కిటికీ అంచున కూర్చునేవాడు. ఆడవాళ్ళ కబుర్లు వినడానికి. విన్నదల్లా బొమ్మయ్యేది. ఒక గురువారం మాటల్లో ఫిలోమెన్ తన అక్క సంగతి చెప్పింది.

"మా అక్క ఉర్సుల్ పదకొండేళ్ళుగా ఒక నోటరీ గారింట్లో వంట చేస్తోంది. కోడి నడుము దగ్గర, ఎముక గుంటలో, రెండు చిన్న ముక్కలుంటాయి తెలుసా? కోడి మొత్తానికి రుచంతా అక్కడే. మా అక్క కోడిని బల్ల మీదికి పంపే ముందు ఆ రెండూ తీసి నోట్లో వేసుకుంటుంది. పదకొండేళ్ళు! కోడికి అక్కడ ముక్కలుంటాయనే ఆ నోటరీకి తెలీదు, పాపం."

బల్లంతా గొల్లుమంది. నవ్వు వినేసరికి ఫిలోమెన్‌కు ఊపొచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాదు ఆమె, కానీ ఆ వేళ ఏమైందో. చినిగిన కాగితం ముక్క తీసి, "తినేటప్పుడు ఇలా కళ్ళు మూసుకుంటుంది, చర్చిలో ప్రసాదం తీసుకున్నంత భక్తిగా" అంటూ పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసింది. చిన్న ఎడమకన్ను, గడ్డం మీద పుట్టుమచ్చ, తాము పుట్టిన మోర్వాన్ కొండల పద్ధతిలో చెవి పక్కన ముడేసిన టోపీ. అక్షరాలా ఉర్సుల్.

ఫ్లోరిమోన్ కాఫీ తాగడం ఆపాడు. ఆ ముక్క తీసుకుని చాలాసేపు చూశాడు. 'ఇప్పుడైనా అంటాడా, నీకు గీయడం వచ్చునే అని' అనుకుంది ఫిలోమెన్. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మంచి ముఖం" అని కిందికి వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత నీలమూ ఆకుపచ్చా పసుపూ పూసిన కాగితం ఆమె ముందుకు జరిగింది. వంటింట్లో ఉర్సుల్. కళ్ళు మూసుకుని నోట్లో ముక్క వేసుకుంటోంది. తలుపు సందులోంచి భోజనాల గది, మెడకు గుడ్డలు కట్టుకుని ఆకలితో కూర్చున్న కుటుంబం. కింద మాట: 'అయ్యగారి కోళ్ళకు నడుముండదు.' ఒక మూల ఫ్లోరిమోన్ సంతకం.

"ఏమే, నిద్రపోతున్నావా? ముక్కుకు ఎరుపు వెయ్యి, నా పక్కన కుప్ప పడిపోతోంది" అంది పసుపావిడ.

ఫిలోమెన్ కిందికి పరుగెత్తింది. బ్రూనెతో గారు రాళ్ళ పక్కన నిలబడి ఎవరినో తిడుతున్నారు.

"అయ్యగారూ, ఈ బొమ్మ ఆపండి. ఇది మా అక్క. చూసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఆమె కొలువు పోతుంది. మంచి నడవడి చీటీ లేకుండా గెంటేస్తే నలభై మూడేళ్ళ మనిషిని ఇంకే ఇంట్లో పెట్టుకుంటారు?"

"అక్కో చెల్లో, ఎవరో ఒకరి ముఖం ఉండాలి కదమ్మాయ్, బొమ్మన్నాక."

"కనీసం పుట్టుమచ్చ గీకేయించండి. ఆ టోపీ మార్పించండి."

పక్కనే ఉన్న ఫ్లోరిమోన్ తల అడ్డంగా ఊపాడు. "ఆ ముఖం తీసేస్తే బొమ్మే లేదు. ఈ ఏడాది నేను గీసినవాటిలో ఇదే మంచి ముఖం."

"మీరు గీసిందా అది?" అంది ఫిలోమెన్.

"చిత్తుకాగితం మీద నాలుగు గీతలు గీస్తే బొమ్మైపోతుందా?" అన్నాడతను. కోపంగా కూడా అనలేదు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

"పైకెళ్ళు. శనివారానికి మొత్తం పూర్తవ్వాలి" అన్నారు బ్రూనెతో గారు.

పైకెళ్ళి, పళ్ళు బిగించి, సాయంత్రం దాకా అక్క ముక్కుకు ఎరుపు పూసింది. పూసినప్పుడల్లా తన చెంప మీద తనే కొట్టుకున్నట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం తిండికి వదిలే వేళలో నోటరీ గారి మేడ వెనకమెట్లు ఎక్కింది. ఉర్సుల్ ఉల్లిపాయలు తరుగుతోంది. చెల్లెల్ని చూసి ముఖం విప్పారింది.

"రా రా, ఏమిటే ఈ వేళప్పుడు? ఆ మూకుడులో చారు ఉంది, తాగు. అలా నీరుగారిపోయావేం?"

ఫిలోమెన్ నిలబడే మొత్తం చెప్పింది. కబురు చెప్పడం, బల్ల నవ్వడం, కాగితం ముక్క, సంతకం. చెబుతున్నంతసేపూ కత్తి చప్పుడు ఆగలేదు. చివర్లో ఆగింది.

"నీ ఒక్కదానికే చెప్పాను" అంది ఉర్సుల్. "ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ రెండు ముక్కలే. కళ్ళు ఎందుకు మూసుకుంటానో తెలుసా? ఆ ఒక్క నిమిషం ఎవరూ పిలవరు."

"అక్కా, నేను కావాలని..."

"కావాలనే. నలుగురు నవ్వాలని."

అని ఉర్సుల్ పొయ్యి వైపు తిరిగిపోయింది. ఫిలోమెన్ ఎంత పిలిచినా ఇటు తిరగలేదు. భుజాల మీద టోపీ దారాలు మాత్రం కదిలాయి. కాసేపు ఆ వీపుతోనే మాట్లాడి మెట్లు దిగింది.

ఆ మరుసటి పొద్దున బల్ల మీద ఉన్న బొమ్మలన్నిటిలోనూ వంటమనిషి వీపు తిప్పేసి ఉంది. టోపీ ముడి, మెడ, నడుముకు కట్టిన గుడ్డ. ముఖం లేదు. ఎర్ర ముక్కు అసలే లేదు. తలుపు సందులో ఆకలిగా కూర్చున్న కుటుంబం మాత్రం అలాగే ఉంది.

"అయ్యో, నా పసుపు వృథా కాలేదు కదా" అని గిన్నెల వంక చూసుకుంది పసుపావిడ. వృథా కాలేదు. అందరూ మళ్ళీ కుంచెలు తీశారు.

అచ్చుయంత్రం తిప్పే ముసలి ఎలువా పైకొచ్చి ఒక కాగితం ఎత్తి చూశాడు. "కింద కొత్తగా తీసినవీ ఇంతే. సిరా అంటగానే తిరిగిపోతోంది. నీ తాలూకు మనిషేనటగా ఫిలోమెన్?"

"మా అక్క."

"పోయినేడు ఒక బండివాడు ఇలాగే అలిగాడు. నాలుగురోజులకు విసుగెత్తి తనే తిరిగాడులే. ఆడవాళ్ళైతే ఎక్కువ రోజులు పడుతుంది."

బ్రూనెతో గారికి మాత్రం అంత ఓపిక లేదు. ఫ్లోరిమోన్‌తో రాయి మళ్ళీ అరగదీయించి, మళ్ళీ గీయించారు. జిడ్డుసుద్దతో గీసినంతసేపూ ముఖం ముఖంలాగే ఉంది. తడిగుడ్డ తుడిచి సిరా రోలర్ దొర్లించగానే తిరిగిపోయింది. మూడోసారి అతను ముఖానికి బదులు కావాలనే వీపు గీశాడు, తిరిగితే ముఖం వస్తుందని. వీపు వీపులాగే అచ్చయింది. ఫ్లోరిమోన్ సుద్ద నేలకేసి కొట్టి సారాకొట్టుకు వెళ్ళిపోయాడు.

"నువ్వు వెళ్ళి మీ అక్కకు నచ్చజెప్పు" అని ఫిలోమెన్ మీద పడ్డారు బ్రూనెతో గారు. "ఇటు తిరగమను. లేకపోతే ఎరుపు వెయ్యడానికి ఈ ఊళ్ళో నువ్వొక్కదానివే లేవు."

ఏం చెప్పాలి వెళ్ళి? నిన్ను చూసి నవ్వుకోవడానికి కాస్త ఇటు తిరగమనా? అయినా వెళ్ళింది. క్షమాపణ చెప్పడానికి వెళ్ళాననుకుంది. తలుపు తియ్యలేదు. మర్నాడు మళ్ళీ వెళితే మేడ కాపలావాడు, "నీకు అక్కెవరూ లేరని చెప్పమంది" అన్నాడు. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర కాపుకాస్తే, ఉర్సుల్ ఇంకో గుమ్మంలోంచి పోయింది. దుకాణంలో బొమ్మ తిరగదు, బయట మనిషి తిరగదు. రెండు వీపుల మధ్య ఫిలోమెన్‌కు పిచ్చెత్తినట్టయింది. ఒక సాయంకాలం అందరూ వెళ్ళాక ఒక కాగితం ఎదురుగా పెట్టుకుని, "తప్పైందే అక్కా, తప్పైంది" అని చెప్పి చూసింది. వీపు ఏమంటుంది?

చివరికి బ్రూనెతో గారు అలాగే తనిఖీ కచేరీకి పంపారు. అక్కడి గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "వీపుకు అభ్యంతరం లేదు" అని ముద్ర వేశాడు.

"ముద్రైతే పడింది గానీ, కింద పాత మాట నప్పదు" అన్నారు బ్రూనెతో గారు. "తినేది కనబడనప్పుడు కోడి నడుము గోలెందుకు? ఏం రాయించను?"

ఫ్లోరిమోన్ గోళ్ళు కొరుక్కున్నాడు. ఆరేసిన కాగితాలు తీస్తున్న ఫిలోమెన్ ఎవరి వైపూ చూడకుండా అంది. "'ఈమెను మీరు రోజూ చూస్తారు' అని రాయండి."

బ్రూనెతో గారు పొట్ట కదిలేలా నవ్వారు. "బాగుందే! ఫ్లోరిమోన్, బాగుంది కదూ? రాయి."

రాశాడు. దాని కిందా అతని సంతకమే పడింది.

బొమ్మ కిటికీ అద్దం వెనక వేలాడింది. జనం ఆగి చూస్తున్నారు, చదువుతున్నారు, కొందరు నవ్వుతున్నారు, కొందరు నవ్వబోయి మానేస్తున్నారు. కొనేవాళ్ళు తక్కువే. బ్రూనెతో గారు పొద్దస్తమానం గొణిగేవారు.

వేయించిన చెస్ట్‌నట్ కాయల బండ్లు వీధుల్లోకి వచ్చిన రోజుల్లో, ఒక గురువారం పొద్దున, ఫిలోమెన్ కిటికీలో కొత్త కాగితాలు దారానికి తగిలిస్తోంది. అద్దం అవతల ఈకల టోపీతో ఒక పెద్దింటావిడ ఆగింది. నోటరీ గారి భార్య మదాం దుక్రే. ఎవరో పెద్ద అధికారిని విందుకు పిలిచి, కోడిని తనే ఏరాలని సంతకు బయల్దేరినట్టుంది. ఆమె వెనక రెండడుగుల దూరంలో, బరువైన బుట్టతో, ఉర్సుల్.

ఫిలోమెన్ చేతిలో దారం అలాగే ఉండిపోయింది. ఉర్సుల్ చెల్లెల్ని చూడలేదు. వేలాడుతున్న బొమ్మను చూసింది. తన వీపును తను మొదటిసారి చూస్తున్న మనిషిలా, తల కాస్త వాల్చి, చాలాసేపు చూసింది. టోపీ ముడిని చూసింది. భుజాలు ఒంగి ఉండటం చూసింది.

అప్పుడు కాగితం మీది వంటమనిషి నెమ్మదిగా ఇటు తిరిగింది. తొందర లేదు. పొయ్యి మీద పని అయిపోయాక గుమ్మం వైపు తిరిగినట్టు. చిన్న ఎడమకన్ను, పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. కళ్ళు మాత్రం ఇప్పుడు మూసుకుని లేవు. నేరుగా చూస్తున్నాయి.

"ఆ, తిరిగింది" అన్నాడు కాయ ఒలుచుకుంటున్న ఒకతను, పక్కవాడికి చోటిస్తూ.

ఫిలోమెన్ దారం వదిలేసింది. అయిపోయింది. మదాం దుక్రే పిడి ఉన్న కళ్ళద్దాలు ఎత్తి పట్టుకుంది. బొమ్మ ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా పరీక్షగా చూసింది. ఉర్సుల్ బుట్ట పిడిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పదకొండేళ్ళ కొలువు ఆ కళ్ళద్దాల చివర వేలాడుతోంది.

మదాం దుక్రే కిలకిలా నవ్వింది.

"అబ్బబ్బ, ఏం ముఖమే! చూస్తేనే తెలుస్తోంది తిండిపోతని. ఎవరింట్లో తగలడిందో, వాళ్ళు ఎలా భరిస్తున్నారో!" వెనక్కి తిరిగి ఉర్సుల్ ముఖంలోకి చూసింది. "నువ్వూ చూడు ఉర్సుల్, నీకూ నవ్వొస్తుంది."

"మళ్ళీ ఒకసారి చూడండి అమ్మగారూ" అంది ఉర్సుల్.

"దేన్ని?"

"ఆమెను. తర్వాత నన్ను."

మదాం దుక్రే బొమ్మను చూసింది. ఉర్సుల్‌ను చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. కాయలు ఒలిచేవాడు కూడా ఒలవడం ఆపేశాడు. ఆవిడకు మాత్రం తెలియలేదు. నటన కాదు, నిజంగానే తెలియలేదు.

"ఏముందే అందులో? పద, కోళ్ళు మంచివన్నీ అయిపోతాయి."

ఉర్సుల్ ముఖంలో ఫిలోమెన్ ఎప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది. భయం కాదు, ఏడుపు కాదు. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానా అని లెక్క తప్పిపోయిన మనిషి ముఖం. ఆమె బుట్టను మదాం దుక్రే కాళ్ళ దగ్గర దించింది. నడుముకు కట్టిన గుడ్డ విప్పి, మడతపెట్టి, దాని మీద పెట్టింది.

"అమ్మగారూ, కోడి నడుము దగ్గర, ఎముక గుంటలో రెండు చిన్న ముక్కలుంటాయి. ఈ పదకొండేళ్ళూ అవి నేనే తిన్నాను. ఈ వేళ మీరు తినండి. బాగుంటాయి."

"ఏమిటీ వాగుడు? విందు సాయంత్రం పెట్టుకుని... నీకు చీటీ ఇవ్వను, తెలుసా?"

"ఏమని రాస్తారు లెండి" అంది ఉర్సుల్. "నా ముఖమే తెలీదు మీకు."

దుకాణం తలుపు తోసుకుని లోపలికొచ్చింది. బయట మదాం దుక్రే బుట్ట వంకా, వీధి వంకా, దాన్ని మోసేవాళ్ళెవరైనా కనిపిస్తారా అని చూస్తోంది.

లోపల బ్రూనెతో గారు అప్పటికే చేతులు రుద్దుకుంటున్నారు. "తిరిగింది! ఎలువా, రాయి తడుపు! ఫిలోమెన్, ఎరుపు!"

ఎవరూ కదలలేదు. ఉర్సుల్ దారాన వేలాడుతున్న బొమ్మల దగ్గరికి వెళ్ళి, ఒకదాన్ని ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఈ ముఖం ఎవరు గీశారు?"

"నేనే" అంది ఫిలోమెన్.

"మరి పేరు ఇతనిదేం?"

ఫిలోమెన్ బ్రూనెతో గారి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆడమనిషి పేరుంటే బొమ్మ ఎవరు కొంటారమ్మా, నువ్వే చెప్పు." ఫ్లోరిమోన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. మాట అక్కడితో ఆగిపోయింది. ఆ ఏడాదీ, ఆ తర్వాత చాలా ఏళ్ళూ అక్కడే ఆగి ఉంది.

"ఎడమకన్ను మరీ చిన్నగా గీశావు" అంది ఉర్సుల్.

"నీ కన్ను చిన్నదే అక్కా."

"అంత చిన్నది కాదు."

ఎలువా సిరా రోలర్ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "మేం మధ్యాహ్నం తినే సత్రంలో వంటావిడ పోయిన నెల పురిటికి వెళ్ళింది. అప్పట్నుంచీ సత్రం ఆయనే వండుతున్నాడు. గడ్డి నయం. చీటీలూ గీటీలూ అడగడు. చారు రుచి చూస్తాడంతే."

"ఏ వీధి?"

చెప్పాడు. ఉర్సుల్ తలూపింది. ఫిలోమెన్ ఎర్ర మరకలు పడ్డ చేతులతోనే శాలువా తీసుకుంది. పని మధ్యలో వెళితే ఊరుకోనని బ్రూనెతో గారు అరుస్తుంటే వింటూనే అక్క వెనక బయటికి నడిచింది.

వీధిలో ఉర్సుల్ ముందు నడుస్తోంది. ఫిలోమెన్‌కు మళ్ళీ ఆ వీపే కనిపిస్తోంది. వంతెన దాటుతుండగా ధైర్యం చేసి, "అక్కా, నా మీద ఇంకా కోపంగానే ఉందా?" అంది.

"ఉంది" అంది ఉర్సుల్, ఆగకుండానే. "ఎన్నాళ్ళుంటుందో నాకూ తెలీదు. నీ గది ఎన్నో అంతస్తు?"

"ఆరు."

"మంచం?"

"ఒక్కటే. ఇరుకు."

ఉర్సుల్ ఆగి, ఇటు తిరిగి, చెల్లెలు వచ్చి పక్కన చేరేదాకా నిలబడింది.

"కిటికీ వైపు నేను పడుకుంటాను" అంది.